ఇంద్రజ యూట్‌కి రెండంగుళాల ఎత్తు

ఇంద్రజ తన యూట్‌ను రెండంగుళాలు ఎత్తించబోతోందన్న కబురు ఫ్లాట్ బుష్ పేటలోని తెలుగువాళ్లలో ఇట్టే పాకిపోయింది. అందరికీ తలో అభిప్రాయం ఉంది, ఎవరికీ యూట్ లేదు. అందరివీ చప్పుడు చేయకుండా నడిచే బుద్ధిమంతపు హైబ్రిడ్ కార్లు. ఇల్లు మారేటప్పుడు సోఫా మోయాలన్నా, బతుకమ్మకు పూలు తేవాలన్నా, గుళ్లో అన్నదానానికి గుండిగలు చేర్చాలన్నా వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఆ బండే. వెనుక తొట్టి ఉన్న బండిని ఈ దేశంలో యూట్ అంటారు. మనవాళ్లు మాత్రం దాన్ని "మహిధర్ వాళ్ల బండి" అంటారు.

ఆ మాట వింటే ఇంద్రజకు ఒళ్లు మండుతుంది. మహిధర్ ఆమె భర్త. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పని చేసుకునే మనిషి, వారం రోజుల్లో ఒక్కసారి కూడా ఆ స్టీరింగ్ పట్టుకోడు. పట్టుకునేది ఆమె. పామర్‌స్టన్ నార్త్‌లో నేలల గురించి చదువుకుని, ఇళ్లు కట్టబోయే చోట మట్టి బరువు ఆపుతుందో లేదో పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. రోజూ పొద్దున మోటర్‌వే ఎక్కి దక్షిణానికి వెళ్లి, అక్కడ కొండవాలు మీద బుల్డోజర్లు చీల్చిన బంకమట్టి దారుల్లో పడుతుంది. పోయిన చలికాలం ఆ చక్రాల గాడుల్లో బండి పొట్ట ఆనుకుని కూరుకుపోతే, మట్టి తవ్వే డిగ్గర్‌తో లాగించాల్సి వచ్చింది. సైట్ మీద కుర్రాళ్లు ఫోటోలు తీసుకున్నారు కూడా.

అవమానం సంగతి ఎలా ఉన్నా అసలు భయం వేరే ఉంది. రెండేళ్ల కిందట ఆమె వెన్నులో ఒక డిస్క్ జారింది. వారాల తరబడి మంచం దిగలేదు. నడక వల్ల ముప్పు లేదని, కుదుపులు మాత్రం తగలనివ్వకూడదని ఫిజియో గట్టిగా చెప్పింది. ఇప్పుడేమో ఆఫీసు వాళ్లు కొత్త కాలనీ సైట్ మొత్తం ఆమె చేతికిస్తామంటున్నారు. నడుము సహకరించదనుకుంటే బల్ల దగ్గర కూర్చుని రిపోర్టులు రాసే పని ఉంది, నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఆ బల్ల తలచుకుంటేనే ఇంద్రజకు దిగులు కమ్ముకొచ్చేది. ఆమెకు మట్టి కావాలి, గాలి కావాలి, తను సరేనంటేనే పునాది పడాలి. అందుకే బండి ఎత్తు పెరగాలి, కుదుపు పెరగకూడదు, ఇంటి అప్పు కట్టగా మిగిలినదాంట్లోనే ఆ పని అయిపోవాలి.

శనివారం పొద్దున మొగుడూ పెళ్లాం బండ్లు బాగుచేసే టెవిటా షెడ్డుకు వెళ్లారు. టెవిటా టోంగా నుంచి వచ్చినవాడు, భారీ మనిషి, తన పని మీద తనకు గొప్ప నమ్మకం. అతను ముందు అరచేతిలో పట్టే ఇనప బిళ్ల ఒకటి చూపించాడు.

"అన్నిటికంటే చవక ఇదే. స్ప్రింగు పైన పెట్టి బిగిస్తే బండి లేస్తుంది."

ఇంద్రజ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. "మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టినట్టు. మంచం ఎత్తవుతుంది గానీ పరుపు మారదు. నా స్ప్రింగులు ఇప్పటికే అలిసిపోయాయి."

"అయితే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వెనుక కమాన్ పట్టీలు కొత్తవి వేద్దాం. రెండంగుళాలు దాటనివ్వను, దాటితే సర్టిఫికెట్ల గొడవ. మిగతావన్నీ పాతవే ఉంచుకోవచ్చు, ఖర్చు అక్కడే తగ్గుతుంది," అని టెవిటా కంప్యూటర్ వైపు తిరిగాడు. "మీ ఆయన ఫోన్‌లో చెప్పినట్టే ఎక్కువ బరువు మోసే హెవీ పట్టీలు పక్కన పెట్టించాను. ఎప్పుడూ నాలుగు వందల కిలోలు లోడ్ ఉంటుందన్నారుగా."

ఇంద్రజ మెల్లగా మహిధర్ వైపు తిరిగింది. అతను గోడ మీద టైర్ల పోస్టర్‌ను మహా శ్రద్ధగా చదువుతున్నాడు.

లేదు, కాదు, కుదరదు అనే మాటలు మహిధర్‌కు పుట్టుకతోనే రాలేదు. ఎవరేది అడిగినా సరేననడం, ఆ సరేను భార్య బండి మీద పెట్టడం అతనికి అలవాటు. మంచివాడే, అందులో సందేహం లేదు. ఆ మంచితనానికి పెట్రోలు పోసేది ఇంద్రజ.

ఆమె మళ్లీ టెవిటా వైపే తిరిగింది. హెవీ పట్టీలు వేసిన బండి ఏదైనా ఉందా, ఖాళీగా నడిపి చూస్తానంది. టెవిటా తన సొంత యూట్ తాళాలు ఇచ్చాడు. మహిధర్ పక్క సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు.

తారు రోడ్డు మీద బండి బాగానే ఉంది. ఊరు దాటి కంకర దారి ఎక్కగానే దాని అసలు గుణం బయటపడింది. తొట్టిలో బరువు లేదు, నాలుగు వందల కిలోల కోసం బిగిసిన ఇనుము వంగడానికి ఒప్పుకోవడం లేదు. ప్రతి గుంతా నేరుగా సీటులోకి, సీటులోంచి నడుములోకి వచ్చి పడింది. మలుపు దగ్గర నీటి కాలువ దాటేసరికి ఇంద్రజకు ఎడమ కాలి దాకా మంట పాకింది. ఆ మంట ఆమెకు బాగా తెలుసు. బండి పక్కకు తీసి ఆపింది.

"ఆయనకు ఏం జెప్పినవ్ నువ్వు?" అంది.

"ఎప్పుడూ ఏదో ఒక లోడు ఉంటదని చెప్పిన."

"ఎవరి లోడు?"

మహిధర్ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "మొన్న రోహిత్ వాళ్ల ఫ్రిజ్. అంతకుముందు గిరిజక్క వాషింగ్ మెషీన్. గుండిగలు, బియ్యం బస్తాలు, శ్రీపతి అంకుల్ వాళ్ల టెంట్లు. పట్టీలు విరుగుతయేమోనని నా భయం, ఇంద్రా."

"అవన్నీ శనాదివారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాంక ఏముంటది వెనుక?"

"నీ పనిముట్లు."

"అవెంత బరువుంటయ్? పెద్ద పిల్లగాడంత. నువ్వు స్ప్రింగులు తీసుకుంటున్నది ఊరి కోసం. కూర్చునేది నేను."

"గట్ల గాదు. నువ్వు మంచంల ఉన్నప్పుడు గిరిజక్క రోజూ వచ్చి నీకు స్నానం చేయించింది. శ్రీపతి అంకుల్ వాళ్లింట్లకెల్లి అన్నం రాని రోజు లేదు. ఇప్పుడు వాళ్లకు బండి లేదని ఎట్ల చెప్తం? నాకు నోరు రాదు."

ఇంద్రజకు కోపం ఉన్నచోటే కన్నీళ్లూ ఊరాయి. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ అన్నం ఆమే తిన్నది, ఆ చేతులు తన వీపు రుద్దిన సంగతి ఆమెకూ గుర్తే. ఆ మనుషులంటే ఆమెకు అతనికంటే ఎక్కువే ఇష్టం. కానీ ఇప్పుడు కాల్లో పాకుతున్న మంట కూడా అంతే నిజం.

"వాళ్లు అంత చేసింది నేను లేచి నడవాలని," అంది కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ మంచంల పడాలని కాదు. ఈ పట్టీలు వేస్తే నేను సైట్ వదిలేయాలె. ఇది నా నడుము, మహీ. దీన్ని అడగకుండ ఎవ్వరికీ మాటియ్యకు."

మహిధర్ ఆమె ముఖం చూశాడు, తర్వాత సీటును బిగపట్టిన ఆమె చేతిని చూశాడు. అతనికి ఏదో అర్థమైంది. "తప్పయింది. తిరిగి పోయేటప్పుడు నేను నడుపుత," అన్నాడు. ఖాళీ బండిలో ఆ కాలువ మీదుగా తనూ ఒకసారి పోయాడు. దాటాక బండి వేగం సగానికి తగ్గించాడు.

షెడ్డులో టెవిటా అడిగాడు. "ఎలా ఉంది?"

"మీ బండికి మంచిదే. నాకు కాదు," అంది ఇంద్రజ. "లోడ్ మార్చి రాసుకోండి. నేను, నా పనిముట్ల పెట్టె, నా టిఫిన్ బాక్సు. రోజూ ఉండే బరువు అంతే."

"మరి ఆ నాలుగు వందలు?"

"నా బండికి వెనుక ట్రైలర్ తగిలించే టో బార్ ఉంది. పెట్రోల్ బంకులో ట్రైలర్ అద్దెకిస్తారు. పెద్ద లోడ్ వచ్చిన రోజు బరువంతా దాని చక్రాల మీద పోతుంది. నా పట్టీల మీద పడేది కొంచెమే."

టెవిటా ఒక్క క్షణం ఆలోచించి తలూపాడు. మీడియం పట్టీలు వేసిన తన భార్య యూట్ తెప్పించి ఇచ్చాడు. ఇంద్రజ అదే కంకర దారిలో, అదే కాలువ మీదుగా పోయి వచ్చింది. బండి పైకి లేచింది, మెల్లగా దిగింది, కాలు నిమ్మళంగా ఉంది. హెవీ వాటికంటే వీటి ధర తక్కువ కూడా. బేరం అక్కడే కుదిరిపోయింది.

"నాకు ట్రైలర్ రివర్స్ చేయడం రాదు," అన్నాడు మహిధర్ ఇంటికి వస్తూ.

"నేర్చుకో. సరే అనేది నువ్వేగా."

నేర్చుకున్నాడు. సూపర్ మార్కెట్ వెనుక ఖాళీ స్థలంలో, ట్రైలర్ అటు తిరగమంటే ఇటు తిరుగుతుంటే, చెమటలు కక్కుతూ నేర్చుకున్నాడు. ఆ వారమే శ్రీపతి ఫోన్ చేశాడు. ఆయన గుంటూరు మనిషి, అసోసియేషన్ పెద్ద, అడగడంలో మొహమాటం ఎరగడు.

"ఏవయ్యా మహిధర్, ఆదివారం గుండిగలకి బండి ఎన్నింటికి పంపిస్తావు?"

ఇంద్రజ కూర తరుగుతూ చెవి అటే వేసింది. మహిధర్ గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, అది ఇంద్రజ బండి. ఆమెను అడిగి చెప్త. ఆమె సరేనంటే ట్రైలర్ కట్టుకుని నేను వస్త. కొంచెం ముందే వస్త, రివర్స్ చేయడానికి టైం పడ్తది."

"అమ్మాయిదా ఆ బండి? నేనింకా నీదే అనుకుంటున్నానే," అన్నాడు శ్రీపతి. "సరే, అమ్మాయినే అడుగు."

అడగకముందే ఇంద్రజ సరేనంది. ఆమె ఏనాడూ వాళ్లను కాదనాలనుకోలేదు, తనను అడగాలనుకుంది అంతే.

బుధవారం ఎత్తు పెరిగిన బండి ఇంటికి వచ్చింది. గురువారం రాత్రంతా వాన కొట్టింది. శుక్రవారం పొద్దున సైట్ గేటు దగ్గర డిగ్గర్ నడిపే అతను చేయి చూపించి, దారి బాగాలేదు, అవసరమైతే లాగుతానన్నాడు. ఇంద్రజ నవ్వి అక్కర్లేదంది. ఫోర్ వీల్ వేసి, గేరు తగ్గించి, బంకమట్టి గాడుల మీద తొందర లేకుండా ఎక్కించింది. కింద ఎక్కడా పొట్ట రాసుకున్న చప్పుడు రాలేదు. బండి గుంతలో దిగినప్పుడల్లా సీటు ఆమెను ఎగరేయకుండా తనతో పాటు దించింది. కొండ పైన, ఇంకా ఇళ్లు లేని నేల మీద ఆపింది. కింద లోయలో పొగమంచు విడిపోతోంది.

జబ్బు చేసిన దగ్గర్నుంచి బండి దిగిన ప్రతిసారీ ఆమె ఎడమ చెయ్యి దానంతట అదే నడుము మీదికి పోయేది. ఇప్పుడు ఆ చేత్తో ఫోన్ తీసి ఆఫీసుకు కలిపింది.

"ఆ బల్ల ఇంకెవరికైనా ఇచ్చేయండి," అంది. "నేను సైట్ మీదే ఉన్నాను."