ఐలా బతికిన ఎపిసోడ్

ఆడియో నాటకం ఏదైనా రెండుసార్లు వినకుండా నేను కలం పట్టను. మొదటిసారి గిన్నెలు తోముకుంటూ వింటాను. తోముతున్న చెయ్యి ఆగిపోయిందంటే ఆ నాటకంలో సరుకు ఉన్నట్టే. రెండోసారి కుర్చీలో కూర్చుని, పక్కన కాగితం పెట్టుకుని తప్పులు ఏరుతాను. "అయ్యో, మూడు చేతుల ఆకుపచ్చ జంతువు మనవైపే వస్తోంది" అని ఏ పాత్రయినా అందో, అక్కడికక్కడే రెండు మార్కులు కోస్తాను. బొమ్మ కనపడని నాటకమైనంత మాత్రాన వినేవాడికి బుర్ర కూడా లేదనుకుంటే ఎలా?

"వత్తి" అనే మా అభిమానుల పత్రికలో నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే నా పని. "దూరదీపం" అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌కి అభిమానులం మేము. అంతరిక్షం చివర దీపస్తంభం, దారితప్పిన నౌకలకు దారి చూపే సిబ్బంది, వాళ్ళ కష్టాలు. అరవైల్లో మొదలైంది, రెండుసార్లు ఆగింది, కెప్టెన్లు ఏడుగురు మారారు. ఇప్పుడు అసలు సీరియల్ కంటే దాన్నుంచి పుట్టిన ఆడియో నాటకాలే ఎక్కువ. పాత ఎపిసోడ్లు చాలా వరకు లేవు. టేపులు ఖరీదని ఆ రోజుల్లో టీవీవాళ్ళు వాటినే చెరిపి మళ్ళీ వాడుకునేవారు. పోయిన కథల్లో ఏం జరిగిందో తెలియాలంటే ఉన్న ఆధారం 1983లో నేను రాసిన గైడు ఒక్కటే. క్లైవ్ పార్డో రాశాడంటే జరిగినట్టే అని మావాళ్ళ నమ్మకం. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు. గర్వపడడానికి ఉన్నది ఆ మాటొక్కటే.

మొన్న సెప్టెంబర్లో సమీక్షకు వచ్చిన సీడీ పేరు "ఐలా ఒంటరి దీపం". ఐలా 1972లో సీరియల్లో ఉన్న పిల్ల. తన చివరి ఎపిసోడ్లో మంచుగ్రహం మీద తోటివాళ్ళందరినీ నౌక ఎక్కించి, దీపం ఆరిపోకుండా చూడడానికి తానొక్కతే ఆగిపోతుంది. నా గైడులో అలాగే ఉంది. ఆ ఐలా యాభై ఏళ్ళుగా అక్కడే ఉంటే ఎలా ఉంటుందన్నది కొత్త నాటకం. అప్పటి నటి డిలిస్ ప్రైస్ గారే మళ్ళీ చేశారు. ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు. పని దొరికి చాలా కాలమైంది. ఇది అమ్ముడుపోతే ఇంకో రెండు చేయిస్తామన్నారట. ముసలి ఐలా దీపం తుడుస్తూ, ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పలుకుతుంది. నా చేతిలో మూకుడు అలాగే ఉండిపోయింది, కుళాయి కారుతూనే ఉంది. మంచు విరిగే శబ్దం మాత్రం ఎవరో బిస్కట్లు నములుతున్నట్టుంది. అయినా పదికి ఎనిమిది మార్కులు వేద్దామనుకున్నాను.

అదే వారంలో ఉత్తరాన హల్ అనే ఊరి నుంచి ఒక పార్సిల్ వచ్చింది. ఎవరో పెద్దమనిషి పోయాడట. అటక మీద ఒక టేపు రీలు దొరికితే కూతురు పంపించింది. గైడు రాసింది మీరేనట, పనికొస్తే ఉంచుకోండి, లేదంటే పారేయండి అని చీటీ పెట్టింది. ఆ రోజుల్లో మాలాంటివాళ్ళం టీవీ ముందు మైకు పట్టుకుని, ఇంట్లో అందరినీ నోరు మూయించి మాటలు రికార్డు చేసుకునేవాళ్ళం. రీలు తిప్పే యంత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎక్కించాను.

అది ఐలా చివరి ఎపిసోడే. మంచు విరిగిపడింది, ఐలా అరిచింది. "పాపం, పిల్ల. పదండి, ఆలస్యమవుతోంది" అన్నాడు కెప్టెన్. అంతే. సంగీతం వస్తుండగా హల్‌లో ఎవరో తల్లి, టీ చల్లారిపోతోంది రమ్మని కేకేసింది. ఐలా ఆగిపోలేదు, దీపమూ పట్టుకోలేదు. రెండే మాటల్లో చచ్చిపోయింది.

అవతల కొత్త నాటకం నిలబడిందే నా గైడు మీద. ఈ టేపు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. బయటపెడితే నా మాట విలువా పోతుంది, డిలిస్ గారి నోటి దగ్గర కూడూ పోతుంది. పెట్టకపోతే ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ తప్పులు ఏరిన నేను దొంగనవుతాను.

అసలు ఆ ఎపిసోడ్ నేను చూడలేదు. బొగ్గు గని కార్మికుల సమ్మెతో 1972 ఫిబ్రవరిలో పేటకొక వేళ చొప్పున కరెంటు తీసేస్తూ, వేళలు పేపర్లో వేసేవారు. సరిగ్గా శనివారం సాయంత్రం సీరియల్ వేళకి మా వీధిది పోయింది. పైగా ఆ పొద్దున్నే నాకు గవదబిళ్ళలు మొదలయ్యాయి. పదేళ్ళవాణ్ణి, గోడవైపు తిరిగి ఏడ్చాను. రైలు కట్టకు అవతల ఉండే నా స్నేహితుడు రాయ్‌స్టన్ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. అంటుకుంటుందని మా అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా నా మంచం మీద కూర్చుని, ఐలా ఎలా ఆగిపోయిందో, నౌక వెళుతుంటే దీపం ఎత్తి ఎలా ఊపిందో కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. అదే గైడులోకి ఎక్కింది. విచిత్రమేమిటంటే, నిజంగా చూసినవాళ్ళు కూడా నా గైడు చదివాక అలాగే చూశామనుకున్నారు.

రాయ్‌స్టన్ ఇప్పటికీ మా డెర్బీ ఊళ్ళోనే, నాకు నాలుగు వీధుల అవతల ఉన్నాడు. రీలూ యంత్రమూ మోసుకుని వాడింటికి వెళ్ళి, వాడి వంటింటి బల్ల మీద వినిపించాను. పంది మాంసం కూరిన పేస్ట్రీ తింటున్నవాడు కాస్తా ముక్క ప్లేట్లో పెట్టేశాడు.

"మా వీధిలోనూ పోయిందిరా ఆ రోజు కరెంటు," అన్నాడు.

పేపర్లో తమ పేటకి ఆ వేళ కోత లేదని చూసి, శుక్రవారమంతా బడిలో నా దగ్గర గొప్పలు పోయాడట. తీరా సీరియల్ సగంలో వాళ్ళదీ పోయింది.

"మరి నాకెందుకు చెప్పావు అదంతా?"

"నువ్వు బుగ్గలు బూరెల్లా వాచిపోయి పడుకుని, ఐలా బతికిందా అనడిగావు. తెలీదని ఎలా చెప్పనురా?"

యాభై రెండేళ్ళురా, మధ్యలో ఒక్కసారైనా చెప్పకూడదా అని కేకలేశాను. గైడు అచ్చయిన రోజున చెబుదామనుకున్నాడట. ఆ రోజు నా సంతోషం చూసి నోరు రాలేదట. నాకు కోపం దిగలేదు. ఆ వారమంతా వాడితో మాట్లాడలేదు. అయినా మంచం మీద కూర్చుని చేతులు తిప్పుతూ కథ చెప్పిన ఆ పదేళ్ళవాడే రోజూ కళ్ళలో మెదిలాడు.

డిలిస్ గారు సీడీల మీద సంతకాలు పెట్టడానికి స్టేషను పక్క హోటలుకు వచ్చినరోజు వెళ్ళాను. నేను పిలవకపోయినా రాయ్‌స్టన్ వెనకాలే వచ్చి, మొహం చెల్లక తలుపు దగ్గరే నిలబడ్డాడు. సమీక్ష రాసేముందు ఆవిడకు చెప్పడం ధర్మమనిపించి, టేపు సంగతి మెల్లగా చెప్పాను. ఆవిడ నవ్వారు.

"నేను చచ్చిపోయినప్పుడు నేనక్కడే ఉన్నాను కదా నాయనా. అట్టముక్కల మంచు. ఒక్కసారి రిహార్సలు, ఒక్కసారి షూటింగు. మర్నాటినుంచి పని లేదు."

తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. తరవాత పదిహేనేళ్ళకు ఒక సభలో ఎవరో కుర్రది వచ్చి, మీరు దీపం ఊపిన దృశ్యం తలచుకునే ఆసుపత్రిలో ధైర్యంగా ఉన్నానని చెప్పిందట. ఆ తరవాత అలాంటివాళ్ళు ఎందరో. కాదు, నేను అట్టముక్కల కింద పడి పోయానని వాళ్ళతో ఎలా అంటానన్నారు.

"నిజం రాసెయ్యండి. ఇంకో రెండు నాటకాలు రాకపోతే పోనీండి. కానీ ఆ రెండో ముగింపు ఎవరిదో అది కూడా రాయండి. ఎవరిది?"

నేను తలుపు వైపు చూశాను. రాయ్‌స్టన్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ వచ్చాడు. క్షమించమన్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అది చూశాక నా కోపం ఎటు పోయిందో పోయింది.

సమీక్ష మొదటి వాక్యంలోనే నా తప్పు ఒప్పుకున్నాను. ఎనిమిది మార్కులూ వేశాను. పదిహేడు ఉత్తరాలు వచ్చాయి. ముగ్గురు చందా మానేశారు, ఒకాయన నన్ను మోసగాడన్నాడు, ఇంకొకామె రాయ్‌స్టన్ దగ్గర ఇలాంటి అబద్ధాలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. తరవాతి నాటకాల సంగతి కంపెనీవాళ్ళు ఇంకా తేల్చలేదు.

గైడులో ఆ పేజీ దిద్దడానికి కూర్చున్నాను. పాత ముగింపు కొట్టేయడానికి చెయ్యి రాలేదు. కింద ఇలా చేర్చాను: "ఈ ఎపిసోడ్‌కు ముగింపులు రెండు. టీవీలో వచ్చినదాంట్లో ఐలా చనిపోతుంది. రాయ్‌స్టన్ బాగ్‌నల్ చెప్పినదాంట్లో బతుకుతుంది. నేను చూసింది రెండోదే."