సరిగ్గా ఇరవై డిగ్రీలు

నేను ఒక కొలమానాన్ని. పేరు పెద్దదే గానీ పుట్టుక చిన్నది. హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే ఓదెలు, జామెట్రీ బాక్సులోని కోణమానినికి సైకిలు చువ్వను ముల్లుగా వేలాడదీసి, వెనక బట్టల క్లిప్పు అంటించి నన్ను చేశాడు. రిమోటుతో ఎగిరే చిన్న విమానాలకు ఒక్కో రెక్క వెనక అంచున ఊగే పలక ఉంటుంది. దాన్ని కరిచి పట్టుకుని, అది ఎన్ని డిగ్రీలు లేచిందో, ఎన్ని దిగిందో చెప్పడమే నా బతుకు.

ఓదెలు ముందుగా విమానం తోక వెనక నిలబడేవాడు. రిమోటు పుల్ల కుడికి తోస్తే కుడి పలక లేవాలి. అది చూశాకే నన్ను తగిలించేవాడు. ఆయన రిటైరయ్యాక విద్యార్థుల జట్టు చేతిలో పడ్డాను. దాని నాయకుడు సాకేత్. రెక్క కట్టింది మాత్రం రవళి, నాలుగు నెలలు, పుల్లా పుల్లా అతికించి. ఆ ఏడు పోటీలో విమానం నిలిస్తే మరుసటి ఏడు నాయకత్వం ఆమెదే అనుకున్నారు.

పోటీ రోజు పొద్దున పలకల్ని తిప్పే మోటారు కాలిపోతే కొత్తది బిగించారు. సాకేత్ నన్ను తగిలించి, విమానం ముక్కు ముందు నిలబడ్డాడు. వీడియో తీసేవాడు తోక దగ్గర ఉన్నాడు. అటు వెళ్తే దొరవారి ముఖం పడదు కదా!

“అన్నా, ఒక్కసారి తోక దిక్కు నిలబడి సూడరాదు,” అంది రవళి.

“కుడికి తోసిన, కుడిది లేచింది. ఇరవై డిగ్రీలు. స్కేలు అబద్ధం చెప్తదా?”

చెప్పను. సరిగ్గా ఇరవయ్యే. కానీ ఎదురుగా నిలబడ్డవాడి కుడి, విమానానికి ఎడమ. కొత్త మోటారు తిరగేసి తిప్పుతోంది. ఎంత లేచిందో చెప్పడమే నా పని, ఏది లేచిందో చూసుకోవలసింది మనిషి. నోరుంటే నాలుగు తిట్టేదాన్ని.

విమానం లేచి కాస్త ఎడమకు ఒరిగింది. సాకేత్ కుడికి తోశాడు. అది ఇంకా ఎడమకు పొర్లి, నేలకు గుద్దుకుంది. రెక్క ముక్కలైంది.

సాయంత్రం అతను వీడియో చూశాడు. తప్పు అందులో స్పష్టంగా ఉంది. చూసి, తుడిచేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రెక్క కట్టడంలోనే లోపమని రిపోర్టు రాశాడు. కొలతలు సరిగ్గా ఉన్నాయనడానికి సాక్ష్యంగా నా ఫొటో అతికించాడు. నా నిజంతోనే ఆ పిల్ల గొంతు కోశాడు.

“రెక్క గట్టిగనే ఉండె సార్,” అంది రవళి. జట్టును చూసుకునే లెక్చరర్ సారు నా ఫొటో వైపే చూశాడు. ఆమెను జట్టులోంచి తీసేశారు.

ఇప్పుడు నేను కాలేజీ వరండాలో అద్దాల బీరువాలో ఉన్నాను. కింద ‘ఖచ్చితత్వం’ అని చీటీ. రవళి మొదలుపెట్టి వదిలేసిన రెండో రెక్క ఆ బీరువా మీదే దుమ్ము పట్టి ఉండేది. మొన్న ఎవరో పెద్దలు వస్తున్నారని వరండా శుభ్రం చేశారు. రెక్కను విరిచి చెత్తబండిలో వేశారు. నన్ను తుడిచి, మళ్లీ అద్దాల్లో పెట్టారు.