స్టాపు లేని చోట

భోజనాల బల్ల మీద వాద్యాల స్వరాలన్నీ అచ్చేసిన స్కోరు పరుచుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మాస్టారు పెన్సిలు కొరుకుతున్నారు. బ్యాలే థియేటర్లో వాద్యబృందాన్ని నడిపించీ నడిపించీ జుట్టు నెరిసిన మనిషి. ఈసారి పాత బ్యాలేలోంచి ఏరిన ముక్కల్ని నర్తకులు లేకుండా, ఉత్త కచేరీగా వాయించాలి. నల్లేరు మీద నడకే అనుకున్నారు. తీరా నిన్న రిహార్సల్లో, వాల్ట్జ్ అనే నాట్యగీతం మధ్యలో ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. పాతవాళ్లు ఆయనతో పాటు ఆగారు. కొత్తగా చేరినవాళ్లు అచ్చులో ఉన్నట్టు ముందుకు పోయారు. వాల్ట్జ్ కాస్తా సంతగోల అయింది.

రేపటి రిహార్సల్లోనూ ఇలాగే అయితే కచేరీ అసిస్టెంటుకి అప్పగిద్దామని మేనేజరు ఎంతో మర్యాదగా చెప్పాడు. తిట్టినా బాగుండేది. వయసు మీదపడి లెక్క తప్పుతోందేమోనని మాస్టారికి గుండెల్లో రాయి పడింది.

ఆగమనే గుర్తు ఎక్కడుందోనని ఫ్లూట్ల వరస నుంచి అట్టడుగున డబుల్ బేస్ వరస దాకా పేజీని జల్లెడ పట్టారు. వెలుతురుకి ఎత్తి చూశారు. ఏ పురుగో తినేసిందని కూడా అనుమానించారు, పాపం.

ఎదురుగా బఠానీలు ఒలుస్తూ ఆయన భార్య తమాషా చూస్తోంది. ఒకప్పుడు ఆ వాల్ట్జ్ ఆడిన నర్తకి ఆవిడే. మోకాళ్లు మొరాయించి ఆట మానుకుంది గానీ, నోటికి మాత్రం రిటైర్మెంటు ఇవ్వలేదు.

"మీకన్నా బస్సు కండక్టరు నయం. స్టాపు ఉంటేనే ఆపిస్తాడు," అంది.

మాస్టారు ఉడుక్కుని, ఎక్కడ ఆగుతున్నారో కూనిరాగం తీసి చూపించారు. చెయ్యి లేచింది, ఆగింది. ఆవిడ చేతిలో బఠానీకాయ కూడా ఆగింది.

"అది నేను ఎగిరే చోటండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "నేను కిందికి దిగేదాకా మీరు ఆగేవారు."

మాస్టారు మళ్లీ స్కోరు వంక చూశారు. ఇన్నేళ్లూ ఆ ఆగడం పాటలోదే అనుకున్నారు. లెక్క తప్పలేదని ఊరట కలిగింది. ఆ వెంటనే, ఈవిడ ఇక ఎగరదు కదా అని దిగులూ కమ్మింది.

"మరి రేపు ఏం చెయ్యను?"

"ఏముంది, నేను దిగిపోయాననుకోండి."

మర్నాడు ఆవిడ చేతికర్ర పట్టుకుని రిహార్సల్‌కి వచ్చి, సరిగ్గా ఆయన వెనక, మొదటి వరసలో కూర్చుంది. కాపలాకి వచ్చావా అని అడిగితే, కుర్చీలు మెత్తగా ఉంటాయని వచ్చానంది.

వాల్ట్జ్‌లో ఆ చోటు వచ్చింది. మాస్టారి చెయ్యి ఆగలేదు. బృందమంతా ఒక్కటిగా దాటేసింది. అంతా దాటాక, వెనక నుంచి మడమ ఒకటి నేలకి తాకిన చప్పుడు వినిపించింది, ఒక్క క్షణం ఆలస్యంగా.

విరామంలో మేనేజరు వచ్చి చేతులు కలిపాడు. అంతా బాగుంది గానీ, మధ్యలో ఆ మడమ చప్పుడుతో తాళం తప్పినదెవరని అడిగాడు.

"మా ఆవిడ," అన్నారు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ. "ఎప్పుడూ అంతే. నేనే సర్దుకుపోయేవాణ్ని."