మానే పుళ్ళకే కట్టు

పెద్దాసుపత్రిలో షుగరు పుళ్ళకు కొత్తరకం కట్టు కడుతున్నారనీ, వారానికోసారి మారిస్తే చాలనీ, అయితే అది అక్కడి సిబ్బందికి కావలసినవాళ్ళకే దక్కుతోందనీ పక్కింటావిడతో వాళ్ళ తోడికోడలు చెప్పిందట. ఆ తోడికోడలు ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ కాస్తుంది కాబట్టి మా పిన్ని నమ్మింది, చివరి మాట తప్ప.

పిన్ని హోటల్లో గిన్నెలు తోముతుంది. పొద్దస్తమానం కాళ్ళు తడిలోనే. షుగరుతో ఒక కాలివేలు ఇదివరకే తీసేశారు. ఇప్పుడు మడమ మీద పుండు. ఇది మానకపోతే పాదమే తీసేస్తామన్నారు. రోజూ కట్టు మార్పించుకోవడానికొస్తే పని ఊడుతుంది, పనికి పోతే కాలు ఊడేలా ఉంది. వారానికోసారి అనేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

పెద్దాసుపత్రి వరండాలో అంటించిన నోటీసు నేనే చదివి వినిపించాను. పాత కట్టు మేలో కొత్తది మేలో మామూలు ఆసుపత్రుల్లో, మామూలు రోగుల మీదే తేల్చాలట. పుండుతో ఎవరొచ్చినా, ఒప్పుకుంటే చేర్చుకుంటారట. ఎవరికి ఏ కట్టో చీటీ తీస్తారట. చదువుతుంటే నాకూ ముచ్చటేసింది.

లోపలికెళ్ళాక ఆ ముచ్చట తీరింది. బెంచీ మీద అప్పటికే చేర్చుకున్నవాళ్ళు: ఆసుపత్రి గుమాస్తా బావమరిది, డ్రైవరు మేనమామ, కాంపౌండరు అత్తగారు. ఒక్కొక్కరిదీ చెప్పు కరిచినంత పుండు. అత్తగారైతే పాదాలకు పౌడరు కూడా రాసుకొచ్చింది.

పిన్ని గుడ్డ విప్పింది. చీము నేల మీద కారింది. డాక్టరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఛీ, మూసెయ్యమ్మా."

"ఎవరైనా చేరొచ్చని బయట రాశారు కదా సార్," అన్నాను.

"రాస్తారు బాబూ, రాసేవాళ్ళకేం. ఈ పుండు చచ్చినా మానదు. ఇలాంటివి నాలుగు చేరిస్తే, ఎన్ని పుళ్ళు మానాయన్న లెక్కలో అన్ని ఆసుపత్రుల్లోకీ మనమే అడుగున పడతాం."

"మానేవాటినే ఏరుకుంటే ఏ కట్టు మేలో ఎట్లా తెలుస్తుంది సార్?"

కాంపౌండరు పళ్ళికిలించాడు. "ఏం పెద్దమ్మా, అబ్బాయికి కాలేజీ చదువు బాగానే వంటబట్టిందే."

బావమరిది కూడా నవ్వాడు, కాలు మీద కాలేసుకుని.

డాక్టరు కాస్త మెత్తబడ్డట్టు గొంతు మార్చాడు. "చూడమ్మా, ఆ తడిపని మానేసి రెండు నెలలు ఇంట్లో కూర్చో. పుండు కొంచెం తగ్గాక రా. అప్పుడు చేర్చుకుంటాలే."

పిన్ని గుడ్డ చుట్టుకుంటూ, తలెత్తకుండానే అంది:

"పుండు తగ్గినాక నీ మొహం చూడ్డానికా నేనొచ్చేది?"