వరహాలరావు గారింటి వంటగది కిటికీ

లోపలి నుంచి మొగుడు కామేష్ నవ్వు వినపడితే కనకకి కడుపు మండేది. ఆ రోజు నవ్వు వినపడలేదు. మంట కాస్తా భయమైంది.

కొండ మీది చింతపల్లిలో మిరియాల వ్యాపారి వరహాలరావు గారింట్లో వంటగది కబోర్డులకి కామేష్ పాలిష్ పని చేస్తున్నాడు. కిరసనాయిలు పొయ్యి పొగకీ, పోపుల జిడ్డుకీ ఆ టేకు తలుపులు నల్లగా మకిలి పట్టేశాయి. గ్యాసు పొయ్యి వచ్చాక ఆయన భార్య పద్మావతికి అవి కంట్లో నలుసులయ్యాయి. దానికితోడు నర్సీపట్నం నుంచి ఆడపడుచు వస్తోంది, ఆవిడ వంటగది కొత్తది. "మా ఆడపడుచు నోరు మూతపడాలి కామేషూ" అని పని అప్పజెప్పింది.

ఇదివరకైతే ఈ పని మొగుడూ పెళ్ళాలదే. పాత పూత గీకి, ఉప్పుకాగితం పట్టి, చెక్కని చెంపలా నున్నగా చేసేది కనక. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌ని దూది గుడ్డతో పూత మీద పూత ఎక్కించేది కామేష్. ఏడో తరగతితో చదువాగిపోయిన కనకకి తన చేతిలోనూ ఒక విద్య ఉందనిపించింది ఆ ఉప్పుకాగితం పట్టాకే. గుంటడు పుట్టాక స్పిరిట్ వాసనకి వాడు దగ్గడం మొదలెట్టాడు. ఆసుపత్రి నర్సమ్మ కోప్పడింది. కనక ఇంట్లో కూర్చుంది. దగ్గు తగ్గిపోయినా నిద్రలో లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకుంటూనే ఉండేది.

ఆమె ఖాళీ చేసిన చోటులోకి రత్నాలు వచ్చింది. కామేష్‌కి సొంత మేనత్త కూతురు. కనకని ఇష్టపడి తెచ్చుకోకపోతే వాడు చేసుకోవలసింది ఆ పిల్లనే. వరసైనవాళ్ళు ఎకసెక్కాలాడుకుంటే కొండ మీద ఎవరూ తప్పు పట్టరు, మాటలు మానేస్తేనే ఏదో ఉందంటారు. అందుకని "ఏటి బావా, ఎండు సేపలాగయిపోనావు, మా యప్ప వండటం మానేసినాదా?" అని రత్నాలు అంటే అక్క వరసైన కనక కూడా నవ్వాలి. నవ్వేది. ఇంటికెళ్ళి అంబలి కుండ ఠపీమని దించేది. ఊళ్ళో సోములమ్మకి సవతి వచ్చిందీ ఇలాగే. పసుపు తవ్వడానికి సాయమని వచ్చిన మనిషి మరి వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం కనక గుంటణ్ణి వీపున కట్టుకుని, కామేష్‌కి చోడి అంబలి ఇచ్చే వంక పెట్టుకుని బయల్దేరింది. అప్పటికే ఎండ మాయమై కొండ మీంచి మంచు దిగి వీధిలోకి వస్తోంది. పెరటి వైపు వెళ్ళి చెవి పెట్టింది. వంటగది తలుపు మూసుంది, కిటికీ మూసుంది. మాట లేదు, నవ్వు లేదు.

కనక కిటికీ రెక్క పట్టుకుని లాగింది.

కామేష్ ఒక గోడ దగ్గర, రత్నాలు ఎదురు గోడ దగ్గర, వీపులు తిప్పుకుని పనిలో ఉన్నారు. వాసనకి ఇద్దరి ముక్కులకీ తువ్వాళ్ళున్నాయి. మాటలెలా వస్తాయి? అక్కడితో కనక కిటికీ మూసేసేదే. కానీ రత్నాలు చేతిలో ఉన్నది ఉప్పుకాగితం కాదు. పాలిష్ గుడ్డ. ఇన్నేళ్ళలో కామేష్ కనక చేతికి ఒక్కసారీ ఇవ్వని గుడ్డ. ఆ చెయ్యి తలుపు మీద సాఫీగా, వంకర లేకుండా పోతుంటే కనక చూస్తూ ఉండిపోయింది. ఆమె భుజాల మీదుగా మంచు లోపలికి పోతూనే ఉంది. కామేష్ తల కదిపేసరికి చటుక్కున వంగి, ఇల్లు చుట్టి, అప్పుడే వచ్చినట్టు గుమ్మంలోకి వచ్చింది.

లోపల పద్మావతి గొంతు లేచింది. "ఇదేవిటయ్యా, తలుపు బూడిద పూసినట్టయింది?"

"తడి పూత మీద మంచు తగిలిందమ్మగారూ," అన్నాడు కామేష్. "కిటికీ తెరుసుకుంది."

"కిటికీ పక్కనున్నది ఈ పిల్లేగా. రేపట్నుంచి దీన్ని తేకు."

రత్నాలు తువ్వాలు కిందికి లాక్కుని నేల చూస్తూ నిలబడింది. కనక కోరుకున్నది ఇదే. నోరు మూసుకుంటే చాలు, మూసుకుంది కూడా.

"ఈ గుంట తప్పేటీ లేదమ్మగారూ," అన్నాడు కామేష్. "గడియ సరీగా ఎయ్యనిది నాను. తిడితే నన్ను తిట్టండి."

పద్మావతి తిట్టింది. కామేష్ తల వంచుకుని అన్నీ పడ్డాడు. పెళ్ళాం కోసం ఏనాడైనా ఒక్క మాట పడ్డాడా వీడు? రత్నాలు కోసమైతే ఎంత చక్కగా పడుతున్నాడో. కనక ఓర్చుకోలేకపోయింది.

"కిటికీ తీసింది నాను," అంది.

అందరూ ఇటు తిరిగారు. "నువ్వా? ఎందుకూ?" అంది పద్మావతి.

రత్నాలు అందుకుంది. "బావని సంచీలో ఏసుకుని పోతానేమోనని సూసుంటాదమ్మగారూ. శానా బరువప్పా, నా వల్ల కాదు."

పద్మావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కామేష్ నవ్వలేదు. "లోపలికొచ్చి సూడొచ్చు కదే," అన్నాడు.

"దాని సేతికి పాలిష్ గుడ్డిచ్చినావు. నాకెప్పుడేనా ఇచ్చినావా?"

"నువ్వెప్పుడేనా అడిగినావా?"

"మీ పంచాయితీ మీ ఇంట్లో పెట్టుకోండి," అంది పద్మావతి. "మా ఆడపడుచు వచ్చేసరికి ఈ తెలుపు పోవాలి."

స్పిరిట్ తడిపిన గుడ్డతో పైపైన తుడిస్తే తెలుపు పోతుంది, కానీ మంచు ముదిరేలోగా కావాలి. రత్నాలు చేతులు చాపింది. "గుంటణ్ణి ఇలా తే అప్పా. పాడుసేసినోళ్ళే బాగుసేయాలి."

కనక వెనకాడింది. వాడు ఎవరి దగ్గరా ఉండడు. అయినా ముడి విప్పి ఇచ్చింది. రత్నాలు వాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి పోయింది. కామేష్ కిటికీ బిగించి, కనక ముక్కుకి తువ్వాలు కట్టి, గుడ్డ చేతిలో పెట్టాడు.

"సెయ్యి ఆపకు. ఆపిన సోట మచ్చ పడిపోద్ది."

ఆమె చేతి కింద తెలుపు విడిపోయి టేకు ఎర్రగా బయటపడుతోంది. కనక మాత్రం ఏడుపు కోసం ఎదురుచూస్తోంది. ఇప్పుడు ఏడుస్తాడు, ఇదిగో ఇప్పుడు, అమ్మ కావాలని గుక్కపెడతాడు. ఏడవలేదు. మూసిన కిటికీ అవతల రత్నాలు అడుగుతోంది, "ఒరే, మీయమ్మ కన్నా నానే బాగున్నానేటిరా?" వాడు కిలకిలమన్నాడు.

కనక చెయ్యి ఆగింది.

"సెయ్యి," అన్నాడు కామేష్.

ఆమె చెయ్యి కదిపింది, చెవిని కిటికీ దగ్గరే వదిలేసి.