కూత పడేదాకా నవాబు

మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మకు ఓడిపోవడం బొత్తిగా గిట్టదు. మా ఇంట్లో రైలు దర్బారు అనే ఆట పుట్టింది ఆ ఒక్క కారణంతోనే.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మాది కిరాయి ఇల్లు. నిజాం గారి రాజ్యంలో శుక్రవారమే సెలవు కాబట్టి, ప్రతి జుమ్మా నాడూ అన్నాలు తిన్నాక నడిమింట్లో చాప పరిచి, గవ్వలు ముందేసుకుని కూర్చునేవాళ్లం. ఐదు గవ్వలూ బోర్లా పడితే, వేసినవాళ్లు నవాబు. స్టేషన్లో రైలు కూత పెట్టేదాకా ఆ నవాబు ఏం చెబితే అది హుకుం. కూత పడిందా, మళ్లీ మామూలు మనిషే. నవాబుకు కిరీటం కూడా ఉండేది. మా ఆయన విద్యాసాగర్ ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో పనిచేసేవాడు. అక్కడి నుంచి తెచ్చిన బిస్కెట్ డబ్బా మూతే ఆ కిరీటం.

ఇక రూళ్లు. నవాబుకు వీపు చూపకూడదు, సలాం చేసి వెనక్కి వెనక్కి నడిచిపోవాలి. నవాబు మాటకు కాదు అనకూడదు, అనాలనిపిస్తే "పిల్లినడిగి చెప్త" అనాలి. ఆట మధ్యలో నవ్వినవాళ్లు మా ఇంటి పిల్లికి సలాం చేయాలి. చాప మీద వరసలు చెల్లవు. అత్త లేదు, కోడలు లేదు, అందరూ ప్రజలే. ఈ చివరి రూలంటే నాకు మహా ఇష్టం, ఎందుకో కోడళ్లకు చెప్పనక్కర్లేదు. ఇవన్నీ అత్తమ్మ అప్పటికప్పుడు పుట్టించినవే. తన గవ్వ వెల్లకిల పడితే చాలు, "ఎండల పడ్డ గవ్వ లెక్కకు రాదు" అనేది.

"గిదెప్పటి రూలు అత్తమ్మా?" అంటే, "ఇప్పటిది" అనేది.

నాకు తిక్క రేగేది. అయినా వచ్చే జుమ్మా ఎప్పుడా అని నేనే ముందు ఎదురుచూసేదాన్ని.

ఒకసారి ఆమె నవాబయ్యి, రోట్లో పచ్చడి నూరేముందు రోలును "పెద్దక్కా" అని పిలిచి దండం పెట్టాలని నాకు హుకుం ఇచ్చింది. ఆ మాట పూర్తవుతూనే రైలు కూత పెట్టింది. ఆట అయిపోయింది కాబట్టి హుకుం కూడా పోయిందని నేను. పోలేదని ఆమె. గొంతులు లేచాయి. వసారాలో మా మామయ్య ఇంద్రసేనరావు గారు కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. ఆయన అదాలత్‌లో పేష్కారు. జడ్జీ ముందు కాయితాలు చదవడం, జడ్జీ ఇచ్చిన హుకుం పొల్లుపోకుండా అమలు చేయించడం ఆయన పని. ఇంట్లో కూడా ఆయన తీరు అదే. మాట ఇస్తే ఇచ్చినట్టే, మా గల్లీ అంతటికీ ఆ సంగతి తెలుసు. మా ఆట వైపు అంతవరకు ఆయన తలెత్తి చూసింది లేదు.

"ఇగో, జర మీరే తీర్పు చెప్పున్రి" అంది అత్తమ్మ తలుపు చాటు నుంచి.

ఆయన పేపరు దించి, మేం నిజమైన కక్షిదారులమైనట్టు ఇద్దరి మాటా విన్నారు. "హుకుం కూతకు ముందు అయిందా, తర్వాతనా?" అని అడిగారు.

"ముందే మామయ్యా" అన్నాను.

"అయితే చెల్లుతది. నవాబు పోయినా హుకుం ఉంటది" అని పేపరు మళ్లీ ఎత్తుకున్నారు. నాటి నుంచి నేను పచ్చడి నూరినప్పుడల్లా రోలుకు దండం పెడుతూనే ఉన్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

మా ఆడబిడ్డ నర్మద అత్తగారిది ఆలేరు అవతల పల్లె. పెళ్లయిన ఏడాదికే ఆమె భర్త జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అత్తమ్మ చూడబోతే, కూతురు పశువుల కొట్టం పక్కన చీకటి గదిలో ఉంది. పొద్దున్నే ఎదురు రావద్దని ఆమెను అక్కడ పెట్టారట. పనులు చెప్పడానికి తప్ప ఆ ఇంట్లో ఆమెతో నోరు విప్పేవాళ్లు లేరు. మామయ్య వెళ్లి, కొన్నాళ్లు ఉంచుకుని తానే తిరిగి దిగబెడతానని ఆమె భర్త అన్న రాజయ్యకు మాట ఇచ్చి తీసుకొచ్చారు.

వచ్చిన కొత్తలో నర్మద అడిగినదానికి బదులు కూడా చెప్పేది కాదు. భర్త లేని పిల్ల గవ్వలు ముట్టకూడదంటారని, చాపకు దూరంగా గోడకానుకుని కూర్చునేది. ఒక జుమ్మా నాడు మా గోల చూసి ఫక్కున నవ్వింది. మేం ఇంకా తేరుకోకముందే తానే లేచి వెళ్లి పిల్లికి సలాం చేసి వచ్చింది. అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. కోతల పనులు మొదలయ్యాయి, నర్మదను పంపమని రాజయ్య కబురు పెట్టాడు. అత్తమ్మ ఏడ్చింది, అన్నం మానేసింది, దెబ్బలాడింది. మామయ్య "మాట ఇచ్చిన" అని తప్ప ఇంకో మాట అనలేదు. కానీ ఆయన కంచంలో అన్నం కూడా అట్లాగే మిగిలిపోయేది. ఆ మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ప్రయాణం జుమ్మా నాడే పడింది. నర్మద పెట్టె సర్ది, గుమ్మం పక్కన రెండు ఇటుకల మీద పెట్టాం. మధ్యాహ్నం బండికి పెట్టె మోయడానికి హమాలీ బిచ్చయ్య రావాలి. అప్పుడు అత్తమ్మ చాప తెచ్చి పరిచింది. ఇవాళ కూడా ఆటేనా అని నాకు ఒళ్లు మండింది.

"కూసో" అంది నాతో. గవ్వలు తీసి నర్మద చేతిలో పోసింది.

"నేను ముట్టొద్దు గదనే అమ్మా."

"చాప మీద వరసలు లేవు. మొగుడున్నోళ్లు లేరు, లేనోళ్లు లేరు. కొత్త రూలు. వెయ్యి."

మామయ్య షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగారు. వద్దంటారేమో అనుకున్నాను, అనలేదు. నర్మద గవ్వలు వేసింది. నాలుగు బోర్లా పడ్డాయి. ఐదోది దొర్లుకుంటూ పోయి పెట్టె కిందికి దూరింది.

అందరం అత్తమ్మ వైపు చూశాం. కనబడని గవ్వ బోర్లా పడ్డట్టే అనో మరొకటో, ఆమె నోట రూలు పుట్టాల్సిన సమయం అది. ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. ఆమెకు రూలు దొరకకపోవడం నేను చూడడం అదే మొదటిసారి.

మామయ్య వచ్చి పెట్టె ముందు మోకాళ్లు ఆనించారు. ఇస్త్రీ చేసిన షేర్వానీతో, చెంప నేలకు తాకేదాకా వంగి కిందికి చూశారు. చాలాసేపు అట్లాగే ఉండిపోయారు. తర్వాత లేచి మోకాళ్లు దులుపుకున్నారు.

"బోర్లనే ఉన్నది" అన్నారు.

బిస్కెట్ డబ్బా మూత తానే తీసి కూతురి తల మీద పెట్టారు. రెండడుగులు వెనక్కి వేసి, కోర్టులో జడ్జీకి చేసినట్టు వంగి సలాం చేశారు. "హుకుం?" అని అడిగారు.

నర్మద ఆయన వైపు చూసింది, పెట్టె వైపు చూసింది. ఆమె గొంతు మాకు వినీ వినబడనట్టు ఉంది.

"ఈ పెట్టె ఇగ పిల్లిది. పిల్లి దీని మీద పండుకుంటది. ఎవ్వరు దీన్ని ఈడికెల్లి జరుపొద్దు."

"మరి నీ బట్టలు?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"పిల్లినడిగి తీసుకుంట వదినె."

అప్పుడే స్టేషన్లో రైలు కూత పెట్టింది. కూత ఆగకముందే బిచ్చయ్య వాకిట్లోకి వచ్చి, తలగుడ్డ చుట్ట చుట్టుకుంటూ, "పెట్టె యాడున్నది దొరా?" అన్నాడు.

మామయ్య నావైపు తిరిగారు. "విద్యావతీ, హుకుం కూతకు ముందు అయిందా, తర్వాతనా?"

నన్ను ఆయన పేరు పెట్టి పిలవడం అరుదు. "ముందే మామయ్యా" అన్నాను.

"అయితే చెల్లుతది." ఆయన బిచ్చయ్యతో నిదానంగా అన్నారు. "పెట్టె పోదు. పైనుంచి హుకుం వచ్చింది, నేను కాదనేటిది లేదు."

తర్వాత ఆయన లోపలి గదిలోకి వెళ్లారు. వెళ్లింది వెనుదిరిగి కాదు. కూతురికి వీపు చూపకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ, మడమ గడపకు తగిలితే తడుముకుని దాటుతూ వెళ్లారు. అదాలత్ అంతా భయపడే మనిషి, బిస్కెట్ డబ్బా మూత పెట్టుకున్న పిల్ల ముందు అట్లా నడిచి వెళ్లడం చూస్తూ నేను చాప మీంచి లేచి నిలబడ్డాను. నవ్వితే పిల్లికి సలాం చేయాలని రూలు ఉండనే ఉంది గానీ, ఎవరికీ నవ్వు రాలేదు.

రాజయ్య తర్వాత మనిషిని పంపాడు. మామయ్య గుమ్మంలోనే నిలబడి, హుకుం లేదని చెప్పి పంపించేశారు. మరుసటి ఏడు నర్మద గౌలిగూడలో చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి పోవడం మొదలుపెట్టింది. పిల్లి కూడా హుకుం విన్నట్టే, పెట్టె దిగేది కాదు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ మర్నాటి పొద్దుటి సంగతి. ఇల్లు ఊడుస్తూ పెట్టె దగ్గరికి వచ్చాను. గవ్వ తీద్దామని, మామయ్య వంగినట్టే నేనూ చెంప నేలకు ఆనించి చూశాను. తలుపులోంచి ఎండ సూటిగా పడుతోంది. గవ్వ వెల్లకిల ఉంది. పళ్లన్నీ కనబడుతున్నాయి.

"ఆడ ఊడ్వకు" అంది వెనక నుంచి అత్తమ్మ.

"అత్తమ్మా, గవ్వ..."

"ఆడ ఊడ్వకన్న గద. ఇయ్యాల్టికెల్లి నాలుగు గవ్వలే ఐదు. కొత్త రూలు."

నాకు తిక్క రేగలేదు. కాయితంలో ఉన్న ఒక్క అక్షరం కూడా తేడాగా చదవని మనిషి, జన్మలో ఒక్క అబద్ధం చెప్పారు. దాన్ని మోకాళ్ల మీద వంగి, నిజం కళ్లారా చూసి మరీ చెప్పారు. ఆ మనిషిని ఇన్నాళ్లూ రాయి అనుకున్నాను.

చాయ్ గ్లాసు తీసుకుని వసారాలోకి వెళ్లాను. ఆయన ఎప్పటిలాగే పేపరు చదువుకుంటున్నారు. గ్లాసు చేతికిచ్చి వెనుదిరగబోయాను. తిరగలేకపోయాను. అట్లాగే వెనక్కి వెనక్కి నడిచాను.

ఆయన పేపరు దించారు. "ఇప్పుడు ఆట లేదు గదమ్మా" అన్నారు.

"పిల్లినడిగి చెప్త మామయ్యా" అన్నాను.