చీమలు చెప్పిన నాలుగు గోల్సు

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచి ఉందంటే మౌలాలి తెల్లవారేసరికల్లా మైదానంలో ఉండేవాడు. వారమంతా రేకు పని: లాంతర్లకు అతుకులు, డబ్బాలకు మూతలు. ఆదివారం మాత్రం సున్నం తట్ట, కొబ్బరి తాడు. మేకులు కొట్టి తాడు బిగలాగి, దాని పక్కన సున్నం పోసుకుంటూ వంచిన నడుం ఎత్తకుండా నడిచేవాడు. వెంట్రుకంత వంకరొచ్చినా చీపురుతో చెరిపి మళ్ళీ మొదలు. ఎవడైనా గీత తొక్కితే వాడి పేరు గుర్తుపెట్టుకునేవాడు. ఏళ్ళు గడిచినా మర్చిపోయేవాడు కాదు.

ఆ నేల మీద పూర్వం నలభై ఏళ్ళు బెల్లం దిమ్మలు దించి తూచారు. తీపి లోపలికి ఇంకిపోయింది. అందుకే అక్కడ చీమలెక్కువ. మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చి, సాయంత్రం బంతి ఏ దారిన పోతుందో ఆ దారి వెంట బారులు కట్టేవి. అయిదింటికి బంతి ఆ దారినే పోయేది. అనకాపల్లిలో అది ఎవరికీ వింత కాదు. పైఊరి జట్లకూ తెలుసు. కాకపోతే బారులు యాభై ఉంటాయి, ఒకదాని మీంచి ఒకటి పోతాయి. ఏది ముందో ఏది వెనకో తప్పు లేకుండా చదవడం మౌలాలి ఒక్కడికే వచ్చు; మిగతావాళ్ళు ఉజ్జాయింపుగా ఆడేవాళ్ళు.

ఆ చదువుతోనే పందొమ్మిది వందల ముప్పై ఏడులో ఊరి జట్టుకు బ్యాకు ఆడాడు, గోలు ముందు కాపు. బంతి వచ్చేసరికి అక్కడ మౌలాలి ఉండేవాడు. అప్పటి కెప్టెను అచ్చిబాబు, బెల్లం వర్తకుల పిల్లాడు, నలుగురిలో ఒక మాటన్నాడు: మౌలాలి ముందుగా బెల్లప్పొడి జల్లి చీమల్ని తనక్కావలసిన దారిన తోలుతున్నాడని. చూసినవాడు లేడు. అయినా జట్టులోంచి తీసేశారు. ఇప్పుడు అచ్చిబాబు క్లబ్బుకి ప్రెసిడెంటు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను ఇప్పించిన టీ మౌలాలి ముట్టలేదు. గీతలు మాత్రం మానలేదు. గీత అచ్చిబాబు సొత్తు కాదు కదా.

అరవై అయిదులో కోజో అనే ఆఫ్రికా మనిషి ఆ జట్టులో ఆడుతున్నాడు. కొత్తగా స్వతంత్రం వచ్చిన తన దేశానికి ఆరేళ్ళు బ్యాకు ఆడి, మోకాలు దెబ్బతింటే, చెరుకు సాగు నేర్చుకురమ్మని వాళ్ళ సర్కారు పంపితే ఇక్కడికొచ్చాడు. ఏడాదిలో మన మాట పట్టేశాడు. మౌలాలిని మామా అనేవాడు. మౌలాలికి అదీ అనుమానమే.

పైగా కోజో చీమల వంక చూసేవాడు కాదు.

"సీమల్ని సూడకుండా బ్యాకెలా ఆడతావు?" అని ఒకసారి మౌలాలి నిలదీశాడు.

"ఎదటోడి నడుం సూత్తాను మామా. కాలు అబద్ధమాడతాది. నడుం ఆడదు."

"నడుం సూసీవోడు నాటకాలకెల్లాల," అన్నాడు మౌలాలి.

ఇంతలో కోజోకి వాళ్ళ దేశం నుంచి ఉత్తరం వచ్చింది. జాతీయ జట్టుకు కోచి కావాలట. నీ పేరు అనుకుంటున్నాం, ఇప్పుడు ఆడుతున్న క్లబ్బు నుంచి నీ ఆటా నడవడికా మంచివని కాగితం పంపమన్నారు. ఆ కాగితం అచ్చిబాబు రాయాలి.

అచ్చిబాబు మౌలాలిని పిలిపించాడు. "గ్రవుండు నీ కళ్ళముందుంటాది. ఆదివారం పక్కూరు మునగపాకోళ్ళతో మ్యాచి. కోజోని బాగా సూడు. తేడా లేదని నువ్వంటే కాగితం రాత్తాను, ఉందంటే మానెత్తాను. టీ తాగుతావా?"

"తాగను," అన్నాడు మౌలాలి. ఇన్నేళ్ళకి తన మాట ఎందుకు కావలసివచ్చిందా అని దారంతా అనుమానపడ్డాడు.

ఆదివారం పొద్దున్న సున్నం తట్టతో వచ్చేసరికి కోజో అక్కడున్నాడు. చెంబుతో పానకం పోస్తున్నాడు. మైదానంలో కాదు, గీత అవతల, బళ్ళు విప్పే చోట. మౌలాలి ఒక బండి చాటున నిలబడి చూశాడు. చీమలు బారులు బారులుగా మైదానం వదిలి అటు పోతున్నాయి.

"ఏటి సేత్తన్నావు?"

కోజో ఉలిక్కిపడలేదు. "మా దేశంలో గ్రవుండు కింద బెల్లం లేదు మామా. సీమలు సెప్పవు. పదిమందికీ నేనే సెప్పాల. సెప్పగలనో లేదో ఈయేళ సూసుకుంటాను."

"దొరికిపోయినోడు ఏదో ఒకటి సెప్తాడు," అన్నాడు మౌలాలి. ముప్పై ఏడులో తనతో కూడా ఎవరో అదే మాటన్నారు. అది గుర్తొచ్చి మరింత కోపం వచ్చింది.

మూడింటికి బళ్ళు విప్పే చోటికి వెళ్ళి వంగి చూశాడు. చీమలు అక్కడే చాప వెడల్పున ఒక చిట్టి మైదానం కట్టుకున్నాయి. బారులన్నీ ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. నాలుగు బారులు తిన్నగా మన గోల్లోకి పోతున్నాయి. అంటే మునగపాకకి నాలుగు గోల్సు. మనవాళ్ళకి ఒక్కటీ లేదు. చీమలు ఏనాడూ తప్పలేదు.

కోజో అమ్ముడుపోయాడు అనుకున్నాడు మౌలాలి.

మ్యాచి మొదలైంది. కింద చీమలు లేక మనవాళ్ళు గుడ్డివాళ్ళలా తడుముకున్నారు. మొదటి బారు ఎలా ఉందో బంతి అలాగే వచ్చింది: కుడి పక్క నుంచి, వంపు తిరిగి, గోలు ముందుకి. "నూకరాజూ, ఎడం పక్కకి," అన్నాడు కోజో. తను కదల్లేదు. నూకరాజు రెండంగలేశాడు. గోల్లోకి పోవలసిన బంతి అతని పిక్కకి తగిలి గోలు పక్కగా గీత దాటిపోయింది.

మౌలాలి లేచి నిలబడ్డాడు.

రెండోదీ బారు చెప్పినట్టే వచ్చింది. కోజో వేలు చూపించాడు. బంతి తిరిగిపోయింది. మూడోదీ అంతే. నాలుగోసారి కోజో బంతికి వీపు పెట్టి ఉన్నాడు. బంతి అందుకోబోయే మునగపాకవాడి నడుం చూశాడు, "సత్తియ్యా, ఉన్నచోటే ఉండు," అన్నాడు. సత్తియ్య ఉన్నాడు. బంతి నేరుగా అతని రొమ్ముకి వచ్చి తగిలింది.

గోల్సు లేకుండా మ్యాచి ముగిసింది. జనం సరిగ్గా చప్పట్లు కూడా కొట్టలేదు. చీమలు నాలుగు చెప్పిన సంగతి తెలిసినవాడు ఒక్కడే.

అచ్చిబాబు మౌలాలిని కుర్చీ దగ్గరికి పిలిచాడు. కాగితం ఒళ్ళో ఉంది. "కోజో సీమల్ని తోలేసేడట గదా. నీ పాత పనే. ఏటి రాయమంటావు?"

మౌలాలి వెనక్కి తిరిగి చూశాడు. కోజో బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఇటే చూస్తున్నాడు.

"రాయి. ఇతను పోసిన పానకం ఆట గెలవడానికి కాదు. సీమలు సెప్పిన ఆటని తిప్పినోణ్ణి నేనెరగను. ఈయేళ సీమలు నాలుగు గోల్సు సెప్తే ఇతను నాలుగుసార్లూ తిప్పేడు. సున్నం మీద ఒట్టు."

అచ్చిబాబు రాసి సంతకం పెట్టాడు.

"ఇంకో కాగితం తియ్యి," అన్నాడు మౌలాలి.

"అదెందుకు?"

"ముప్పై ఏడులో మౌలాలి పొడి జల్లలేదని రాయి."

అచ్చిబాబు కోజో వైపు చూశాడు, మైదానం వైపు చూశాడు. రాశాడు. మౌలాలి చదవలేక నూకరాజు చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి టోపీలో పెట్టుకున్నాడు. టీ వచ్చింది. తాగలేదు.

మరుసటేడు ఫోటో ఒకటి పోస్టులో వచ్చింది. పచ్చ చొక్కాల జట్టు, వెనక గోలు, పక్కన కోజో, మెళ్ళో ఈల. మౌలాలి భార్య బషీరాబీ దాన్ని గూట్లో బెల్లం డబ్బాకి ఆనించింది. మూడింటికి చీమలు డబ్బా దిగి ఫోటో మీద బారు కట్టాయి. గోలు దాకా వెళ్ళి, దాని ముందు ఆగి, పక్కకి తిరిగిపోయాయి.

"మనోడు బాగున్నాడు గదా?" అంది బషీరాబీ.

మౌలాలి ఫోటో కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఈల బాగుంది. ఎనక గీత సూడు, ఎంత వంకరో," అని కొబ్బరి తాడు దింపి, దేశం దాటి పంపాలంటే పార్సిలు ఎలా కట్టాలో పోస్టాఫీసులో అడగడానికి బయల్దేరాడు.